తాబేలు ఏ దిక్కు పోతున్నది?

పశువుల డాక్టరుగా నా ఉద్యోగం జమ్మికుంటలో మొదలై సుల్తానాబాద్‌లో ముగిసింది. బర్రెలకు చూడి పరీక్షలు చేశాను, గొర్రెలకు నట్టల మందు తాగించాను, ఒక కోడె కాలి కింద పడి బొటనవేలు విరగ్గొట్టుకున్నాను. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది తాబేళ్ళ గురించి. దెబ్బతిన్న తాబేళ్ళను బాగుచేసి తిరిగి వదిలే మా గుంపులో ఈమధ్య కొత్తవాళ్ళు చేరుతున్నారు. వాళ్ళలో పశువైద్యం చదివేవాళ్ళూ ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ "మేడం, ఏం నేర్చుకోవాలె" అని అడుగుతున్నారు. ప్రతిసారీ నోటితో చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. తాబేలు మిమ్మల్ని ప్రేమించదు. నెలల తరబడి సాకినా వదిలేటప్పుడు వేలు కొరుకుతుంది. వెనక్కి తిరిగి చూడదు. ఎవరైనా తమను చూసి తోక ఊపాలని ఉన్నవాళ్ళు కుక్కను పెంచుకోవడం మంచిది.

బర్రెల దవాఖానాలో

ఈ పనిలోకి నన్ను లాగింది సంపత్. దుబాయిలో కొన్నేళ్ళు కరెంటు పని చేసి తిరిగొచ్చి, జమ్మికుంట పత్తి మార్కెట్ దగ్గర మోటారు వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. పొలాల బావుల్లో కాలిపోయిన మోటార్లను పైకి లాగడం, రాగితీగ కొత్తగా చుట్టి మళ్ళీ దించడం అతని పని. మా వైపు బావి తవ్వించినవాళ్ళు అందులో ఒక తాబేలును వదులుతారు. నాచూ పురుగూ తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని నమ్మకం. అలాంటి ఒక బావిలో మోటారు తాడు చుట్టుకుని తాబేలు ముందుకాలు కోసుకుపోయింది. దాన్ని తువ్వాలలో చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, జర గీ తాంబేలును సూడుండ్రి."

"నాకు తాబేళ్ళ వైద్యం రాదయ్యా."

"నాకు అసల్కే రాదు మేడం. ఇద్దర్ల మీరే నయం."

గుడ్డికంటే మెల్ల నయమని అతని లెక్క. నవ్వొచ్చి కుట్లు వేశాను. తర్వాత నగరంలో జంతువుల పార్కులో పనిచేసే నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేస్తే, ఇంజెక్షన్ ముందుకాలికే వేయాలని చెప్పింది. వెనక కాలికి వేస్తే మందు ఒంటికి పట్టకముందే మూత్రంలో పోవచ్చట. అయిదేళ్ళ చదువులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఆ తాబేలు బతికింది. సంపత్ ఆ సంగతి ఊరంతా చెప్పాడు. ఇక తాబేళ్ళు రావడం మొదలైంది. గాలం మింగినవి, టైరు కింద చిప్ప నలిగినవి, కుక్క కొరికినవి.

ఒకరోజు మా పై అధికారి ఏడీ గారు తనిఖీకి వచ్చారు. బయట బర్రెల వరుస, లోపల టేబుల్ మీద తాబేలు. "ఏందమ్మా, రేపు కప్పలకు గూడ ఓపీ పెడ్తవా?" అన్నారు. కాంపౌండరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత టీ తాగుతూ ఆయనే ఇంకో మాట అన్నారు.

"బర్రె బాగైతే రైతొచ్చి చెప్తడు. బాగుగాకపోతే తిట్టిపోతడు. గీ తాంబేలును నీళ్ళల్ల ఇడిశినంక అది బతికిందో సచ్చిందో నీకెవరు చెప్తరు?"

ఆయన గొప్ప డాక్టరేమీ కాదు. మందులు అడిగితే సగం కోసి ఇచ్చేవారు. కానీ ఆ ప్రశ్న సరైనదే. అప్పుడు నా దగ్గర జవాబు లేదు, అందుకే కోపం వచ్చింది.

బస్సెక్కిన తాబేళ్ళు

నన్ను సుల్తానాబాద్‌కు బదిలీ చేశాక తాబేళ్ళు కూడా నా వెంటే వచ్చాయి. అప్పుడే గుంపు తయారైంది. దానికి పేరు లేదు, ఆఫీసు లేదు. సంపత్ ఫోన్ నంబరే మా ఆఫీసు. ఎక్కడ తాబేలు కనబడినా జనం ఆ నంబరుకే చేసేవాళ్ళు. ఇవి చట్టం కాపాడే జీవాలు కాబట్టి అటవీశాఖవాళ్ళకు ముందు చెప్పి పని మొదలుపెట్టేవాళ్ళం. మీరూ అలాగే చేయండి. మంచిపని చేస్తున్నామని చట్టం మనకు మినహాయింపు ఇవ్వదు.

వైద్యం నాది, సాకడం స్వరూపది. స్వరూప నాకు చర్చి పరిచయం. శ్రీరాంపూర్‌లో ఉంటుంది. భర్త బొగ్గుబాయిలో పనిచేస్తాడు, తను మంచిర్యాలలో నర్సు. వాళ్ళ క్వార్టర్ వెనక సిమెంటు జాగాలో ప్లాస్టిక్ తొట్లు వరుసగా పెట్టి కోలుకునే తాబేళ్ళను ఉంచేది. నా దగ్గర నుంచి ఆమె దగ్గరికి అవి బుట్టలో, తడి గోనెసంచి కింద, బస్సులో వెళ్ళేవి. ఒకసారి కండక్టరు పరేషాన్ అయ్యాడు. కోడికి టికెట్ ఉంది, మేకకు ఉంది, దీనికేం కొట్టాలి?

"కాళ్ళు లోపటికి గుంజుకున్నది గద అన్నా, సామాను కింద రాసుకో" అంది స్వరూప.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. తాబేలు చిప్ప రాయి కాదు, ఎముక. దాని మీద వేలు రాస్తే తాబేలుకు తెలుస్తుంది. చిప్ప పగిలితే మన ఇళ్ళల్లో పసుపూ సున్నమూ కలిపి దట్టంగా మెత్తుతారు. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది. లోపల చీము పడుతుంది. పగులు కనబడకుండా చేయడం వేరు, మాన్పడం వేరు. మంచి మనసున్నవాళ్ళకు ఈ తేడా చెప్పడం కష్టం. వాళ్ళకు వెంటనే ఏదో ఒకటి చేసెయ్యాలి.

చెరువు మన్ను

నా రిటైర్మెంటుకు ముందటి ఏడాది ఎండాకాలంలో జమ్మికుంట చుట్టుపక్కల చాలా చెరువుల్లో పూడిక తీశారు. జేసీబీలు తవ్విపోస్తుంటే రైతులు ట్రాక్టర్లతో ఆ నల్లమన్నును చేలకు తోలుకున్నారు. చెరువు మన్ను పడితే రెండు మూడేళ్ళు పంట బాగుంటుంది.

మన చెరువు తాబేలు నీళ్ళు ఎండితే ఎక్కడికీ పోదు. బురదలో దిగి, మన్ను కప్పుకుని, వానలదాకా పడుకుంటుంది. ఒక ఊరి చెరువులో జేసీబీ పన్ను తగిలి అలా పడుకున్న పెద్ద ఆడ తాబేలు చిప్ప పగిలింది. డ్రైవరు మంచివాడు, బండి ఆపి సంపత్‌కు ఫోన్ చేశాడు. సంపత్ దాన్ని బండి మీద తీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టి, "మేడం, ఇంక శాన ఉన్నయ్. నేను పోతున్న" అని అదే ఊపులో వెళ్ళిపోయాడు.

వెనక్కి వెళ్ళి ఏం చేశాడంటే, గుంపులోవాళ్ళందరినీ పిలిచి, ఆ ఊరి చెరువులన్నిట్లో మన్ను పెళ్ళల్లో దొరికిన తాబేళ్ళన్నిటినీ ఏరించాడు. దెబ్బలేమీ లేవు. ఎండిపోయి, దుమ్ముకొట్టుకుని, కదలకుండా ఉన్నాయి. దాహంతో చచ్చిపోతున్నాయనుకున్నారు. పెద్ద రోడ్డుకు అవతల, పక్క ఊళ్ళో కాలువ నీళ్ళతో నిండి ఉన్న చెరువు ఉంది. అక్కడికి తీసుకెళ్ళి వదిలారు. మళ్ళీ కనబడితే గుర్తుపట్టడానికని సెలవు పెట్టుకుని వచ్చిన స్వరూప ఒక్కొక్క చిప్ప మీద తన ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టింది. బడిపిల్లలు చప్పట్లు కొట్టారు. సర్పంచి సంపత్ మెడలో దండ వేశాడు. పేపర్లో ఫోటో వచ్చింది.

నన్ను అడగలేదు. అడిగినా సరే అనేదాన్నేమో. నీళ్ళు లేనిచోటి నుంచి నీళ్ళున్నచోటికి తీసుకెళ్తే తప్పేముందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఎర్ర చుక్కలు

గట్టి వానలు పడగానే స్వరూప ఫోన్ చేసింది.

"మేడం, సంపతన్న రోడ్డు మీద కూసున్నడంట. లేస్తలేడంట. మీరు జర పోయి రాండ్రి."

వెళ్ళాను. గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు అది. తారు మీద అక్కడొకటి ఇక్కడొకటి తాబేళ్ళు నలిగిపోయి ఉన్నాయి. నలగకుండా మిగిలిన చిప్పముక్కల మీద ఎర్ర చుక్కలు. నీళ్ళు నిండిన ఆ పరాయి చెరువును వదిలి అవి బయల్దేరాయి. ఎటు పోతున్నాయో అడగాల్సిన పని లేదు. అన్నిటి మొహాలూ వాటి పాత ఊరి దిక్కే ఉన్నాయి.

సంపత్ కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నిలబడ్డాను. రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"లారీవోళ్ళ తప్పు లేదు మేడం. పండుకున్నదాన్ని నేనే లేపి, పరాయి ఊర్ల ఇడిశిపెట్టిన. దుబాయిల నా రూముల ఏసీ ఉండె, తిండి ఉండె. అయినా రోజు పండుకుంటె ఇల్లే యాదికొచ్చేది. నాకు తెల్వదా గా బాధ? తెలిసి గూడ నాకు తట్టలే సూడుండ్రి."

నాకు ఓదార్చడం చేతకాదు. ఆ పూట చేతనైతే బాగుండునని మాత్రం గట్టిగా అనిపించింది. మేం చేయాల్సింది చాలా చిన్న పని. తవ్వని ఒడ్డు ఒకటి చూసి, అదే చెరువులో, అదే మన్ను కప్పి వదిలేస్తే సరిపోయేది. మంచికి పోతే చెడు ఎదురైందని గుంపులో కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. చెడు ఎక్కడి నుంచో ఎదురు రాలేదు. మా తొందరలోనే ఉంది.

ఆ రోజు సంపత్ ఫోన్ స్విచాఫ్ చేశాడు. మళ్ళీ ఆన్ చేయలేదు. అంటే మా ఆఫీసు మూతపడింది.

తొట్టిలో మిగిలింది

ఇంత జరిగినా ఆ ఊరి తాబేళ్ళలో ఒకటి మా దగ్గర భద్రంగా ఉంది. జేసీబీ దెబ్బ తిన్నదే. పగిలిన చిప్పను ఉప్పునీళ్ళతో రోజూ కడిగి, పుండు ఆరిపోయాక పైపుల లీకులకు పెట్టే లప్పంతో అతుకు వేశాను. స్వరూప తొట్టిలో వానాకాలమంతా గడిపింది. దెబ్బ తగలడం వల్లే అది రోడ్డెక్కకుండా బతికింది. ఇందులో నీతి ఏమీ వెతకొద్దు, అలా జరిగిందంతే.

వానలు వెనకబడ్డాక అది తిండి మానేసింది. తొట్టి గోడ ఎక్కడానికి చూస్తోంది, వెనక కాళ్ళతో అడుగును గీరుతోంది అని స్వరూప చెప్పింది. శ్రీరాంపూర్ వెళ్ళి, వెనక కాలి ముందు మెత్తటి చోట వేలు పెట్టి చూశాను. గోలీల్లా తగిలాయి. గుడ్లు.

క్వార్టర్ వెనకంతా సిమెంటు. తాబేలు తవ్వుకోవడానికి పిడికెడు మన్ను లేదు. పెట్టలేక గుడ్లు లోపలే ఉండిపోతే చచ్చిపోతుంది. దాన్ని సొంత చెరువుకు చేర్చాలి. ఏది దాని చెరువు? ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకునే అలవాటు అప్పటికి మాకు లేదు. ఆ ఊళ్ళో చిన్నా పెద్దా కలిపి చెరువులూ కుంటలూ నాలుగైదున్నాయి, అన్నిట్లోనూ తవ్వారు. ఏదో ఒక చెరువులో వదిలేద్దామనే ధైర్యం ఆ రోడ్డు చూసినవాళ్ళెవరికీ లేదు. జేసీబీ డ్రైవరు పని అయిపోయి ఎటో వెళ్ళిపోయాడు. అది ఎక్కడ దొరికిందో తెలిసినవాడు ఇక సంపత్ ఒక్కడే.

దుకాణానికి వెళ్ళాను. మోటారు ఒళ్ళో పెట్టుకుని తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఆ పగిలిన తాంబేలు ఏ చెరువుది తమ్మీ?"

"యాదిలేదు మేడం."

"అబద్ధమాడకు. ఎవరి బావిల మోటరు ఎంత లోతుల ఉన్నదో ఇప్పటికి చెప్తవ్ నువ్వు."

తీగ చుట్టడం ఆపాడు. "నన్ను ఇడిశిపెట్టుండ్రి మేడం. నా చెయ్యి మంచిది కాదు. నేను ముట్టినయన్ని రోడ్డు మీద పడ్డయ్."

"నీ చెయ్యి ముచ్చట నేను అడుగుతలేను. దాని కడుపుల గుడ్లున్నయ్. సిమెంటు మీద పెట్టలేదు, లోపల దాచుకోలేదు. ఇంకొన్ని రోజులైతే సస్తది. చెరువు పేరు చెప్పు, నేను పోత."

సంపత్ మోటారును కింద పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడిచాడు.

"పేరు చెప్తె దొరకది మేడం," అన్నాడు చివరికి. "తూము పక్కపొంటి ఉంటది గా జాగ. నేనే రావాలె."

కట్ట మీద

మర్నాడు పొద్దున స్వరూప ప్యాసింజరు రైల్లో తాబేలును తెచ్చింది. ముగ్గురం చెరువు కట్ట మీదికి వెళ్ళాం. చెరువు నిండుగా ఉంది. కట్ట కింద పత్తి చేను తెల్లగా పగిలి ఉంది. చేను యజమాని లసుమవ్వ ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది.

తూము పక్కన తాబేలును దించాం, మొహం నీళ్ళ వైపు పెట్టి. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెడ బయటికి చాచింది. నీళ్ళను చూసింది. అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగి, నీళ్ళకు వీపు పెట్టి, చేను వైపు కట్ట దిగడం మొదలుపెట్టింది.

సంపత్ చేయి దానంతటదే ముందుకు పోయింది.

"ముట్టకు," అన్నాను.

"నీళ్ళు గిటున్నయ్ గద మేడం. గటు పోతె కుక్కలు కొరుకుతయ్."

"అది పోయే దిక్కు దానికి తెలుసు. నీకు తెల్వదు."

నా మాట నాకే కటువుగా వినబడింది. కానీ అతను ఆగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు విప్పలేదు. నా ఉద్యోగంలో ఎన్నో ఆపరేషన్లు చూశాను. అంత కష్టపడి పనిచేస్తున్న మనిషిని చూడలేదు. అతను అప్పుడు చేస్తున్న పనల్లా ఊరికే నిలబడడమే.

తాబేలు చేను అంచుదాకా వెళ్ళింది. ఎండాకాలంలో చెరువులోంచి తోలి పోసిన నల్లమన్ను కుప్ప ఒకటి ఇంకా సాలులో కలపకుండా ఉంది. అక్కడ ఆగి వెనక కాళ్ళతో తవ్వసాగింది. లసుమవ్వ పత్తి ఒడితో వచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏంది బిడ్డా, పెండ్లి సూడవొచ్చినట్టు గట్ల నిలవడ్డరు?"

"తాంబేలు గుడ్లు పెడ్తున్నదవ్వా," అంది స్వరూప మెల్లగా.

లసుమవ్వ అక్కడే గట్టు మీద కూర్చుంది. "పెట్టనియ్యుండ్రి. గది మా చెరువు మన్నే గద."

అది గుడ్లు పెట్టింది. మన్ను కప్పింది. పొట్టతో అదిమి సాపు చేసింది. మళ్ళీ కట్ట ఎక్కి, మా కాళ్ళ పక్క నుంచే పోయి నీళ్ళలో దిగింది. చిప్ప మీద నా లప్పం అతుకు కాసేపు కనబడి మునిగిపోయింది. లసుమవ్వ తుమ్మకంప తెచ్చి ఆ చోటు చుట్టూ పెట్టింది. "గుంటుక గిటు రాకుంట, ఎవ్వలు దున్నకుంట జూస్త. నాది పూచి" అంది. సంపత్ జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేసి, ఆమెకు నంబరు చెప్పాడు.

ఆ నంబరు ఇప్పుడు మీలో చాలామంది దగ్గర ఉంది. దానికి చేస్తే సంపత్ ముందు రెండు ప్రశ్నలు అడుగుతాడు. దెబ్బ తాకిందా? ఏ దిక్కు పోతున్నది? దెబ్బ లేకపోతే, రోడ్డు మీద ఉంటే అది పోయే దిక్కే దాటించమంటాడు. రోడ్డు లేకపోతే చేతులు కట్టుకుని నిలబడమంటాడు. ఫోన్ చేసినవాళ్ళకు కోపం వస్తుంది. సాయం అడిగితే నిలబడమంటారేమిటని. రానివ్వండి. మందు వేయడం మీకు నేను నేర్పగలను, ఇది మాత్రం మీరే అలవాటు చేసుకోవాలి.

మరుసటి ఏడు వానలకు నేను రిటైరై ఉన్నాను. ఇంటి మోటారు కాలిపోతే సంపత్ దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడ కూర్చుని ఉండగానే లసుమవ్వ ఫోన్ వచ్చింది. అతని చేతులకు గ్రీజు ఉంది, స్పీకరు పెట్టాడు.

"బిడ్డా, మొలిశినయ్. మన్నుల నుంచి ఒకటెన్క ఒకటి ఎల్తున్నయ్. రూపాయి బిళ్ళంత లేవు."

సంపత్ నా వైపు చూశాడు. మా ఏడీ గారి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు ఇన్నేళ్ళకు ఒకరు దొరికారు.

"ఏ దిక్కు పోతున్నయ్ అవ్వా?"

"ఏ దిక్కు పోతయ్, చెరువు దిక్కే."

"ముట్టకు అవ్వా. చేతులు కట్టుకొని నిలవడు."

"నిలవడే ఉన్న బిడ్డా," అంది లసుమవ్వ. "ఫోన్ నా కోడలు పట్టుకున్నది."